సాయంత్రం బస్సు సక్రమంగా నడుస్తోంది

రవాణా, రహదారుల ఆఫీసులో ఫిర్యాదులు చూసే అయ్యగారికి,
మిల్లు వెనక వీధి నుంచి నమస్కారాలు.

అయ్యా, నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. చదివింది మూడో తరగతి. టైలరు దుకాణాలకు చొక్కాల కాజాలు కుట్టి బతుకుతాను. అందుకే అందరూ నన్ను కాజాల అమ్మ అంటారు. తప్పులుంటే సరిచేసుకుని చదవండి.

మా వీధికి సాయంత్రం ఒక బస్సు వచ్చేది. టౌన్లో పనులు చేసుకునే ఆడపిల్లలందరూ దాంట్లోనే ఇల్లు చేరేవాళ్లు. కొత్త రోడ్డు వేస్తామని మీవాళ్లు వచ్చి ఉన్న రోడ్డును తవ్వేశారు. బస్సు ఆగిపోయింది. తవ్వినవాళ్లు వెళ్లిపోయారు. గొయ్యి మిగిలింది.

నా పెద్దది టౌన్లో మందుల షాపులో పనిచేసేది. బస్సు లేక సామాన్ల వ్యాను వెనక నిలబడి వచ్చేది. వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆ వ్యాను గోతిలోకి ఒరిగిపోయింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. నా పిల్ల లేవలేదు.

ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు అయ్యా. ఆ ఏడుపేదో ఇంట్లో ఏడుస్తాను. సంగతేమిటంటే, షాపు ఆయన మంచి మనసుతో అక్క చేసిన పని చెల్లెలికి ఇస్తానన్నాడు. పరీక్షలు కాగానే నా చిన్నది పనిలో చేరుతుంది. వద్దనలేను, ఇల్లు గడవాలి. కానీ దాన్ని ఆ వ్యాను మాత్రం ఎక్కనివ్వను. ఒకదాన్ని ఇచ్చాను, ఇంకొకదాన్ని ఇవ్వలేను. అది పనిలో చేరేలోపు గొయ్యి పూడ్చి, సాయంత్రం బస్సు మళ్లీ పంపండి. నేనడిగేది ఇంతే.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. ఈ ఉత్తరం మా చిన్నది చదివి, ఆఫీసుకు రాసేటప్పుడు కాస్త భయంగా రాయాలమ్మా అంది. నాకు భయంగా రాయడం చేతకాదు. భయపడ్డాననే అనుకుని చదువుకోండి.

*

శ్రీమతి కాజాల అమ్మ గారికి,

విషయం: నష్టపరిహారం కొరకు మీ దరఖాస్తు.

మీ దరఖాస్తు అందినది. మీ కుమార్తె మరణం పట్ల ఈ కార్యాలయం నిబంధనల మేరకు తన విచారమును తెలియజేయుచున్నది. పరిహారం పొందుటకు, ప్రమాద సమయమున మృతురాలు మా బస్సులో ప్రయాణించుచున్నట్లు రుజువుగా టికెట్టు జతపరచవలెను. మీ ఉత్తరం ప్రకారమే ఆమె మా బస్సులో లేరు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది.

భవదీయుడు,
పర్యవేక్షకుడు, ఫిర్యాదుల విభాగం

తా.క. ఇకపై కాగితమునకు ఒకవైపు మాత్రమే వ్రాయగలరు. రెండవ వైపు వ్రాసినది ఈ కార్యాలయం చదవదు.

*

పర్యవేక్షకుడు అయ్యగారికి,
కాజాల అమ్మ నమస్కారాలు.

అయ్యా, అసలు సంగతంతా ఆ రెండోవైపే ఉంది. కాగితం ఎందుకు దండగ చెయ్యాలని అటూ ఇటూ రాశాను. ఈసారి ఒకవైపే రాస్తున్నాను. రెండోవైపు తెల్లగా ఉంటుంది, తిప్పి చూసుకోండి.

నేను డబ్బు అడగలేదు. నా పిల్ల మీ బస్సులో లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. మీ బస్సులో లేదు కాబట్టే అది పోయింది. నేను మొదటినుంచీ మొత్తుకునేది అదే.

ఇంకొక మాట. ఆ గోతి పక్కన మీ బోర్డు ఒకటుంది. ఎన్ని కోట్లు పెట్టి రోడ్డు వేశారో దాని మీద పెద్ద అక్షరాలతో రాసుంది. బోర్డు కింద గట్టి సిమెంటు దిమ్మె కట్టారు. గాలికీ వానకూ అంగుళం కదల్లేదు. రోడ్డుకని తెచ్చిన సిమెంటు అంతా దీనికే అయిపోయిందేమో అంటాడు మా వీధి పాలాయన. ఆయనది వేళాకోళం. నేను మామూలుగానే అడుగుతున్నాను. ఆ డబ్బు ఏమైందో చెప్పాల్సింది ఎవరు? మీరు కాకపోతే ఎవరో వాళ్ల గది ఏదో చెప్పండి, వాళ్లకే రాసుకుంటాను.

అంతకంటే ముందు బస్సు సంగతి చూడండి. మా చిన్నదానికి పరీక్షలు మొదలయ్యాయి.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. నిబంధనల మేరకు విచారం అన్నారు. నిబంధనల్లో ఎంత రాసుంటే అంతే పంపండి. నా గురించి ఎక్కువ విచారించి లేనిపోని మాట మీ మీదకు తెచ్చుకోకండి.

*

శ్రీమతి కాజాల అమ్మ గారికి,

విషయం: సాయంత్రం బస్సు.

రికార్డులు పరిశీలించగా, సదరు రోడ్డు పని పూర్తయినట్లు, బిల్లు చెల్లించినట్లు, ఆ కొత్త రోడ్డు మీద సాయంత్రం బస్సు ప్రతిదినం సక్రమంగా నడుచుచున్నట్లు తేలినది. మీ కోరిక మీరు కోరుటకు ముందే నెరవేరియున్నందున ఫైలు మూసివేయడమైనది. అందుకు ఈ కార్యాలయం సంతోషించుచున్నది.

భవదీయుడు,
పర్యవేక్షకుడు, ఫిర్యాదుల విభాగం

తా.క. సదరు బస్సులో కండక్టరు ప్రవర్తన గురించి గానీ, చిల్లర గురించి గానీ ఫిర్యాదులున్న యెడల విడిగా వ్రాయగలరు.

*

పర్యవేక్షకుడు అయ్యగారికి,
కాజాల అమ్మ నమస్కారాలు.

అయ్యా, మీ జవాబు చదివి సూది అక్కడే గుచ్చేసి వీధిలోకి పరిగెత్తాను. బస్సు రోజూ వస్తోందట, మనకే తెలియడం లేదని అందరికీ చెప్పాను. సాయంత్రం వీధంతా స్టాపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాం. పక్కింటి వదిన ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. దీపాలు వెయ్యకుండా వచ్చి వెళ్తోందేమో అంది. పాలాయన మాత్రం ఒప్పుకోలేదు. తన ఆవు రోజూ ఆ రోడ్డు మధ్యలోనే పడుకుంటుందట, బస్సు వస్తే ముందు దానికి తెలియాలి కదా అన్నాడు. చీకటి పడేదాకా చూసి ఇళ్లకు వచ్చేశాం.

నవ్వుకున్నాం అయ్యా. నవ్వుతుంటే మా చిన్నది లోపలికి వెళ్లిపోయింది. అక్క బతికున్నప్పుడు కూడా, బస్సు వస్తోందని వాళ్ల కాగితాల్లో ఇలాగే రాసుంది కదమ్మా అంది. నిజమే. అది వ్యాను వెనక వేలాడిన ప్రతి సాయంత్రమూ మీ లెక్కలో బస్సులో కూర్చునే వచ్చింది.

ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది ఈ వ్యవహారం. మీరు చెడ్డవారని నేననను. మీ ముందుకు వచ్చిన కాగితం మీరు చదువుతున్నారు. ఇక్కడికొచ్చి నేల చదవండి. గోతికి రెండోవైపు కూడా ఉంది, అటు కూడా చూడండి.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. కండక్టరు గురించి అడిగారు. పాపం, ఆయన మమ్మల్ని ఒక్క మాట అన్నది లేదు. ఒక్క పైసా చిల్లర ఎగ్గొట్టలేదు. డ్రైవరూ అంతే, రోడ్డు మీద పడుకున్న ఆవును కూడా ఇంతవరకూ తగలనివ్వలేదు.

*

శ్రీమతి కాజాల అమ్మ గారికి,

విషయం: సిబ్బంది పట్ల ప్రయాణికురాలి ప్రశంస.

సాయంత్రం బస్సు కండక్టరు మర్యాదను, చిల్లర విషయమున నిజాయితీని, డ్రైవరు జాగ్రత్తను, మూగజీవాల పట్ల కరుణను మెచ్చుకొనుచు మీరు పంపిన ప్రశంస అందినది. ఈ విభాగమునకు ప్రశంస వచ్చుట ఇదే ప్రథమం. ఉభయులకు డిపోలో ప్రశంసాపత్రములు ఇవ్వడమైనది. ఫోటో జతపరచడమైనది.

ఉత్తరంలోని మిగతా భాగం మూసివేసిన ఫైలుకు సంబంధించినది కావున పరిశీలించలేదు.

భవదీయుడు,
పర్యవేక్షకుడు, ఫిర్యాదుల విభాగం

తా.క. మీ ఉత్తరమును ఇతర సిబ్బందికి ఆదర్శముగా నోటీసు బోర్డులో అంటించినాము. కింది నాలుగు వాక్యములు మాత్రమే.

*

పర్యవేక్షకుడు అయ్యగారికి,
కాజాల అమ్మ నమస్కారాలు.

అయ్యా, మీరు ప్రశంసాపత్రం ఇచ్చిన కండక్టరు నిన్న మా ఇంటికి వచ్చాడు. బండి బయట పెట్టి, ఆ పత్రం కవరులో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నేను ఏ బస్సులో బాగా నడుచుకున్నాను?" అన్నాడు.

బస్సు ఆగినప్పటి నుంచీ రోజూ డిపోకి వెళ్లి సంతకం పెట్టి బల్ల మీద కూర్చుంటున్నాడట. డ్యూటీ ఏదని అడిగితే నీ డ్యూటీ నువ్వు చేస్తూనే ఉన్నావు కదా అంటున్నారట. మొదట్లో హాయిగా ఉండేదట. ఇప్పుడు ఇంట్లో పిల్లలు ఈ రోజు ఎంతమంది ఎక్కారు నాన్నా అని అడిగితే చెప్పడానికి సిగ్గేస్తోందట.

మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ మీద మా పెద్దదాని ఫోటో చూశాడు. అప్పుడు కూర్చున్నాడు. ఈ అమ్మాయి ముందు తలుపు దగ్గర నిలబడేది, మా అమ్మ అన్నం తినకుండా కూర్చుంటుంది, కాస్త పోనివ్వన్నా అని డ్రైవరును తొందరపెట్టేది అని చెప్పాడు. అది నాకు తెలియదు అయ్యా. నా పిల్ల గురించి నాకు తెలియని మాట ఒకటి ఇంకా మిగిలుందని నిన్ననే తెలిసింది.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. నిన్నటి నుంచి సాయంత్రం కాగానే నా సూదీ దారమూ చొక్కాలూ తీసుకెళ్లి స్టాపులో కూర్చుంటున్నాను. మీ బస్సు వచ్చేదాకా రోజూ కూర్చుంటాను. పక్కింటి వదిన నేనూ వస్తానంది. పాలాయన డబ్బాలు అక్కడికే తెచ్చి పాలు పోస్తానన్నాడు. పిల్లలు పుస్తకాలు తెచ్చుకున్నారు. ఇంట్లో ఉంటే ఏం చేస్తామో అదే అక్కడ చేస్తాం. మేం ఎవరినీ తిట్టం, రాళ్లు వెయ్యం. ఎదురుచూస్తాం. బస్సు నడుస్తోందని మీరంటున్నప్పుడు ఎదురుచూడడం తప్పు కాదు కదా.

చిన్నదానికి రేపటితో పరీక్షలు అయిపోతాయి.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. మీరు పంపిన ఫోటోలో చప్పట్లు కొడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికైనా బస్సు నడపడం వస్తే పంపండి.

*

శ్రీమతి కాజాల అమ్మ గారికి,

విషయం: మీ స్టాపులో రద్దీ.

ప్రతి సాయంత్రం మీ స్టాపులో పెద్ద సంఖ్యలో ప్రయాణికులు వేచియుంటున్నట్లు, కొందరు పనిముట్లతోను, పాల డబ్బాలతోను వచ్చుచున్నట్లు ఈ కార్యాలయమునకు తెలిసినది. ఇంతమందికి ఒక బస్సు చాలుట లేదని స్పష్టమగుచున్నందున రెండవ బస్సు మంజూరు చేయడమైనది. రెండు బస్సులు నడుచుటకు ప్రస్తుత రోడ్డు ఇరుకు కావున దానిని వెడల్పు చేయుటకు అంచనా తయారైనది. ముందుగా కొత్త బోర్డు వచ్చును.

అంచనాపై సంతకమునకు ముందు నేను స్వయంగా తనిఖీ చేయవలసియున్నది. జీపు అడిగితిని. బస్సు సౌకర్యము గల మార్గమునకు జీపు డీజిలు ఇవ్వరాదని తిరస్కరించినారు. కావున వచ్చే సోమవారం సాయంత్రం బస్సులోనే వచ్చుచున్నాను.

భవదీయుడు,
పర్యవేక్షకుడు, ఫిర్యాదుల విభాగం

తా.క. ముందు సీటు దొరుకునా? వెనక కూర్చున్న యెడల నాకు తల తిరుగును.

*

పర్యవేక్షకుడు అయ్యగారికి,
కాజాల అమ్మ నమస్కారాలు.

రండి అయ్యా. స్టాపులోనే ఉంటాను.

ఒక్క మాట మాత్రం వినండి. బస్టాండులో నిలబడి నిలబడి విసుగొస్తుంది. పక్కనే సామాన్ల వ్యాను ఆగుతుంది. అతను మంచివాడే, రండి సార్ రండి సార్ అని పిలుస్తాడు, వెనక చోటు చేస్తాడు. ఎక్కకండి. ఎంత పొద్దుపోయినా ఎక్కకండి. నడిచి రండి, లేదంటే ఇంటికి వెళ్లిపోండి. నాకు మీ మీద కోపం ఉంది, కాదనను. కానీ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అన్నం తినకుండా కూర్చునే ఉంటారు.

నడిచి వస్తే గోతి దగ్గర కుడివైపు నుంచి రండి. ఎడమ అంచు జారుతుంది.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. సీటు సంగతి అడిగారు. ఏ సీటైనా ఖాళీయే అయ్యా, మీ ఇష్టం.

*

అమ్మా,
నమస్కారం.

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. విషయం అని పైన రాయబోయి కొట్టేశాను.

ఆ సోమవారం బస్టాండులో చాలాసేపు నిలబడ్డాను. విచారణ కిటికీలో అడిగితే బస్సు టైముకే వెళ్లిపోయింది అన్నారు. నేను ఇక్కడే ఉన్నాను కదండీ అన్నాను. "ఐతే మీరు చూసుకోలేదు" అన్నాడు లోపలివాడు. ఒక్క క్షణం నిజంగానే నేనే చూసుకోలేదేమో అనిపించింది. మా ఆఫీసు కాగితాలకు ఉన్న బలం అది. వాటిని రోజూ రాసేవాణ్ణి నేనే, నన్నే నమ్మించేశాయి.

వ్యాను అతను రండి సార్ అని పిలిచాడు. మీ ఉత్తరం జేబులో ఉంది. ఎక్కలేదు. నడిచి, కుడివైపు నుంచి వచ్చాను. స్టాపులో అంతమంది ఉన్నా ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మీరు మంచినీళ్లు ఇచ్చి గొయ్యి చూపించారు. పెద్దమ్మాయి గురించి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఓదార్చి వెళ్లిపోయేవాణ్ణేమో. చెప్పలేదు కాబట్టి చూడాల్సి వచ్చింది.

మర్నాడు నివేదిక రాశాను. బస్సు లేదు, రోడ్డు లేదు, గొయ్యి ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన అతి చిన్న నివేదిక. పై ఆఫీసుకూ ఒక నకలు పంపాను.

పెద్దసారు పిలిపించారు. బస్సు నడిచింది కాబట్టి నేను దాంట్లో రావాలట. టికెట్టు లేదు కాబట్టి రాలేదట. రాలేదు కాబట్టి ఆ రోజు నేను డ్యూటీకి ఎగనామం పెట్టినట్టట. శిక్షగా నన్ను బస్టాండుకు బదిలీ చేశారు. సాయంత్రం బస్సుకు టైమ్ కీపర్ని. లేని బస్సుకు కాపలా పెడితే నోరు మూసుకుని కూర్చుంటానని వాళ్ల ఆలోచన.

వాళ్లు మరిచిపోయింది ఒకటుంది. టైమ్ కీపరు సంతకం లేనిదే ఏ బస్సుకూ డీజిలు లెక్క పడదు. మన బస్సుకు రోజూ డీజిలు పోసినట్టు రాస్తూనే ఉన్నారు. మొదటి రోజే సంతకం కోసం కాగితం వచ్చింది. బస్సు ట్యాంకులో పోస్తుంటే చూసి పెడతానన్నాను. మర్నాడూ అదే చెప్పాను. ఆ పైరోజు నా బల్ల చుట్టూ పెద్ద గొడవే అయింది. నేను కుర్చీలోంచి లేవలేదు. స్టాపులో మీరు కూర్చున్న తీరు చూశాను కదా, కొంత నేర్చుకున్నాను.

చివరికి డిపోలోంచి ఒక పాత బస్సును తీశారు. డ్రైవరు దొరికాడు. కండక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. రేపు సాయంత్రం బయలుదేరుతుంది. గోతి దాకానే రాగలదు. అక్కడి నుంచి ఏం చెయ్యాలో చూద్దాం.

మీ,
టైమ్ కీపరు

తా.క. ఆ రోజు ప్రయాణ ఖర్చుల కాగితంలో, ఏ వాహనంలో వెళ్లారు అన్నచోట కాళ్లు అని రాశాను. కాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు రాయలేదని తిప్పి పంపారు.

*

బాబుకు,
కాజాల అమ్మ ఆశీస్సులు.

ఇన్నాళ్లూ నిన్ను అయ్యా అన్నాను. స్టాపులో చూస్తే నా తమ్ముడి కొడుకు ఈడువాడివి. ఇక అననులే.

బస్సు వచ్చింది నాయనా. నువ్వన్నట్టే మొదట గోతి దాకా వచ్చి ఆగింది. అందరూ దిగి, గోతి పక్క నుంచి నడిచి వచ్చారు. వ్యాను కంటే అదే మేలు. కండక్టరు రోజూ తన కాగితంలో, రోడ్డు లేనందున ఇక్కడ ఆగినది అని రాసి, అక్కడున్నవాళ్లతో సంతకాలు పెట్టించి నీకు తెచ్చి ఇచ్చేవాడు. నువ్వు ముద్ర వేసి పైకి పంపేవాడివట. ఆ కాగితాలు, వెడల్పు చేస్తామన్న అంచనా కాగితమూ పై ఆఫీసులో ఒకే బల్ల మీదకు చేరాయని చెప్పాడు. లేని రోడ్డును ఎటువైపు వెడల్పు చేస్తారని అక్కడెవరో అడిగారట. దేవుడు వాళ్లను చల్లగా చూడాలి.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. గోతిలో రాయి వేశారు, మట్టి వేశారు, రోలరు తొక్కించారు. నేను దగ్గరే నిలబడి చూశాను. పనివాళ్లు దూరం జరగమ్మా అంటే జరగలేదు. ఆ చోటు నిండడం నేను చూడాలి. నిండింది. నాలో మాత్రం ఏమీ నిండలేదు. అయినా ఇంక ఎవరి పిల్లా అందులో పడదు. అది చాలు అని అనను. అది కావాలి, అంతే.

డబ్బు సంగతి తేలలేదు. పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి రాసుకుని వెళ్లారు. మర్నాడే ఎవరో మనుషులొచ్చి ఆ బోర్డు పీకబోయారు. వీధంతా వెళ్లి చుట్టూ కూర్చున్నాం. రోడ్డు వెయ్యకుండా బోర్డు పెట్టారు, లెక్క చెప్పకుండా బోర్డు తీస్తారా అని వదిన అడిగింది. వాళ్లు గడ్డపారలు తీసుకుని వెళ్లిపోయారు. లెక్క చెప్పేదాకా ఆ బోర్డు అక్కడే ఉంటుంది. నెలకొక ఉత్తరం నేను రాస్తూనే ఉంటాను. వీధిలో ఇంకా చాలామంది రాయడం నేర్చుకున్నారు.

ఇక నా చిన్నది. రోడ్డు అయ్యేదాకా ఆగమని షాపు ఆయన్ను అడిగితే ఆగాడు, నిన్న పనిలో చేరింది. పొద్దున్నే దానికి జడ వేసి విప్పాను, మళ్లీ వేశాను. అది చూసి, నేను వ్యాను ఎక్కనమ్మా, బస్సుంది కదా అంది. సాయంత్రం నేను చొక్కాలు తీసుకెళ్లలేదు. ఉత్త చేతులతో వెళ్లి నిలబడ్డాను. బస్సు దీపాలు వేసుకునే వచ్చింది. ఆగింది. షాపుల పిల్లలు దిగారు, ఆస్పత్రి పిల్లలు దిగారు. నా చిన్నది దిగి వచ్చి నా భుజం పట్టుకుంది, పద అమ్మా అంది.

నేను కదల్లేకపోయాను. తలుపు వైపే చూస్తున్నాను. ఇంకెవరూ దిగరని నాకు తెలుసు. చిన్నదానికీ తెలుసు. మెట్టు మీద నిలబడ్డ కండక్టరుకూ తెలుసు. విజిలు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తే చెయ్యెత్తి ఉండమన్నాడు. నేను చూపు తిప్పుకునేదాకా బస్సు అలాగే ఉంది.

అప్పుడు నా చిన్నదాని సంచీ నేను అందుకుని, ఇద్దరం ఇంటికి వచ్చాం.

ఇట్లు,
కాజాల అమ్మ

తా.క. దాంతో నిన్న బస్సు కాస్త ఆలస్యమైంది. కారణం రాయమని ఎవరైనా నిన్ను అడిగితే డ్రైవరునూ కండక్టరునూ అనకు. నా పేరు రాయి. జవాబు నేను చెప్పుకుంటాను.